ఒక మాటకు కట్టుబడినవారు

బాప్టిస్టు సంఘాల చరిత్రలో కలకత్తాకు అంత ప్రాముఖ్యం ఎలా వచ్చింది? అందుకు సమాధానం ఒక గ్రీకు క్రియాపదంలో ఉంది.

గ్రీకు భాషలో ‘బాప్టిజో’ అని ఒక క్రియాపదం ఉంది. ఓడ సముద్రంలో మునిగిపోయిందని చెప్పవలసి వచ్చినప్పుడు ప్రాచీన గ్రీకు రచయితలు ఆ మాట వాడేవారు. క్రైస్తవుల కొత్త నిబంధనలో అదే మాట మతస్వీకార సంస్కారానికి పేరుగా స్థిరపడింది. తరువాతి కాలంలో దాన్ని తమ భాషల్లోకి తెచ్చుకొన్నవారు రెండు దారులు తొక్కారు. లాటిన్ పండితులు అనువాదం జోలికి పోకుండా మాటను మాటగానే తమ లిపిలోకి ఎత్తుకొన్నారు. ఇంగ్లీషువారు వారి వెంట నడిచారు. జర్మన్లు మాత్రం ‘టౌఫెన్’ అన్నారు. అది ‘లోతు’ అనే అర్థం గల వారి సొంత మాటకు చుట్టం. మన తెలుగులో ప్రొటెస్టెంట్లు ‘బాప్తిస్మము’ అంటారు. కథోలికులు ‘జ్ఞానస్నానము’ అంటారు. మొదటిది ఎరువు సొమ్ము, రెండవది వ్యాఖ్యానం.

ఈ మాటకు ‘ముంచుట’ అన్నదే అసలు అర్థమని పట్టుబట్టి, ఆ పట్టుదల నుంచే పేరు తెచ్చుకొన్నవారు బాప్టిస్టులు. పసిబిడ్డ నుదుట నాలుగు చుక్కల నీరు చల్లితే చాలదని వారి వాదం. నమ్మకం కుదిరిన మనిషి తన నోటితో ఆ సంగతి చెప్పుకొని, నిండా నీటిలో మునిగి లేవాలి. ఇతర శాఖలవారు దీనికి జవాబు లేకుండా ఊరుకోలేదు. భోజనానికి ముందు చేతులు, గిన్నెలు కడుక్కొనే సందర్భంలో కూడా అదే గ్రీకు మాట కనబడుతుందని మార్కు సువార్తను చూపారు. నీటి పరిమాణం కాదు, సంకేతం ముఖ్యమన్నారు. పైకి చూస్తే ఇది వైయాకరణుల తగవులా తోస్తుంది. కాని ఈ తగవు వల్ల మనుషులు జీవనాధారాలు పోగొట్టుకొన్నారు, స్నేహాలు తెంచుకొన్నారు, ఖండాంతరాలలో కొత్త సంస్థలు కట్టారు. అందులో మూడు ముఖ్యమైన ఘట్టాలు కలకత్తా నగరంలోనే జరిగాయి. వాటి ఫలితం నెల్లూరు, ఒంగోలు దాకా వచ్చి తెలుగు పల్లెలను తాకింది.

రాజుకు చెల్లని అధికారం

బాప్టిస్టుల కథ 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలవుతుంది. ఇంగ్లండు రాజమతాన్ని కాదని పారిపోయి అక్కడ తలదాచుకొన్న జాన్ స్మిత్ అనే బోధకుడు, పసితనంలో తనకు జరిగిన సంస్కారం చెల్లదని తేల్చుకొని, మళ్ళీ బాప్తిస్మం పొందాడు. ఆనాడు వారి మనస్సులో ఉన్న ప్రశ్న ఎలా ఇవ్వాలన్నది కాదు, ఎవరికి ఇవ్వాలన్నది. నీట ముంచడమే సరైన పద్ధతి అన్న నియమం 1644 నాటి లండన్ విశ్వాస ప్రకటనలో స్పష్టమైన రూపం పొందింది. స్మిత్ సహచరుడు థామస్ హెల్విస్ స్వదేశానికి తిరిగి వచ్చి, మనుషుల ఆత్మలపై రాజుకు ఏ అధికారమూ లేదని, ఆ స్వేచ్ఛ యూదులకూ తురకలకూ కూడా వర్తిస్తుందని 1612లో పుస్తకం వ్రాశాడు. దాని ఫలం చెరసాల.

ఈ మూలసూత్రం నుంచి మిగిలిన నమ్మకాలన్నీ పుట్టాయి. ధర్మనిర్ణయానికి లేఖనమే ప్రమాణం. విశ్వసించే ప్రతి మనిషికీ దేవునితో నేరుగా సంబంధం ఉంది. మధ్యవర్తి పురోహితుడు అక్కరలేదు. ప్రతి ఊరి సంఘమూ స్వతంత్రం. దానిపై బిషప్పు అజమాయిషీ లేదు. ఆచరించవలసిన విధులు రెండే: బాప్తిస్మము, ప్రభు భోజనము. ప్రభుత్వం మతంలో తలదూర్చరాదు, మతం ప్రభుత్వాన్ని ఆశ్రయించరాదు.

వీరిలోనూ రెండు పాయలున్నాయి. క్రీస్తు మరణం మానవులందరి కోసమని చెప్పినవారు జనరల్ బాప్టిస్టులు. దేవుడు ముందుగా ఎన్నుకొన్నవారి కోసమే అన్నవారు పర్టిక్యులర్ బాప్టిస్టులు. రెండవ పాయ సిద్ధాంత విషయంలో మిక్కిలి బిగువైనది. దేవుడు ఎన్నుకొన్నవారు ఎలాగూ తరిస్తారు గదా, ఊరూరా తిరిగి చెప్పడం దేనికని పద్దెనిమిదవ శతాబ్దంలో వారిలో చాలామంది చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఆండ్రూ ఫుల్లర్ అనే బోధకుడు 1785లో వెలువరించిన పుస్తకంలో ఆ ఉదాసీనతను ఖండించాడు. ఆ వాదాన్ని ఆచరణలో పెట్టినవాడు చెప్పులు కుట్టి బ్రతికిన విలియం కేరీ. 1792 అక్టోబరు 2న కెటరింగులో సమావేశమైన కొద్దిమంది పదమూడు పౌండ్ల రెండు షిల్లింగుల ఆరు పెన్నీల వాగ్దానంతో ఒక మిషనరీ సంఘం స్థాపించారు. మరుసటి ఏడు నవంబరులో కేరీ కలకత్తా రేవులో దిగాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం అతని వద్ద లేదు.

గంగ ఒడ్డున వడ్రంగి

కంపెనీవారికి మిషనరీలంటే గిట్టదు. వ్యాపారానికి అలజడి అని వారి భయం. అందుచేత కేరీ కొన్నాళ్ళు మదనాబాటిలో నీలిమందు కర్మాగారం చూసుకొని, 1800 జనవరిలో కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున ఉన్న సేరంపూరుకు చేరాడు. అది డెన్మార్కువారి పాలనలోని పట్టణం. అక్కడ జాషువా మార్ష్‌మన్ అనే ఉపాధ్యాయుడు, విలియం వార్డ్ అనే ముద్రాపకుడు అతనికి తోడైనారు.

అదే సంవత్సరం డిసెంబరు 28న కృష్ణపాల్ అనే వడ్రంగి హుగ్లీ నదిలో మునిగి బాప్తిస్మం పొందాడు. అతనితో పాటు ఆనాడు నీటిలో దిగిన రెండవ వ్యక్తి కేరీ పెద్దకుమారుడు ఫెలిక్స్. బాప్టిస్టుల సిద్ధాంతం ఏమిటో ఈ దృశ్యం ఏ ప్రవచనం కన్నా బాగా చెబుతుంది. బోధకుని కడుపున పుట్టినంత మాత్రాన కొడుకు క్రైస్తవుడు కాలేదు; వడ్రంగికి ఏ నియమమో అతనికీ అదే నియమం. మూడేళ్ళ తరువాత, 1803లో, కృష్ణప్రసాద్ అనే బ్రాహ్మణ యువకుడు కృష్ణపాల్ కూతురిని పెండ్లాడాడు. బెంగాలీ సమాజానికి అది పెద్ద అదురు.

సేరంపూరు ముద్రణాలయం సంగతి మన పాఠకులకు కొంత తెలిసినదే. అక్కడ తెలుగుపై కూడా పని జరిగింది. 1812 మార్చి 11 సాయంకాలం ముద్రణాలయం తగులబడినప్పుడు కాలిపోయిన వ్రాతప్రతులలో కేరీ తెలుగు వ్యాకరణం ఒకటి. ఆయన దాన్ని మళ్ళీ వ్రాసి 1814లో అచ్చువేశాడు. 1818లో సేరంపూరు నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

లాల్ బజారు నీటితొట్టి

నేటి కోల్‌కతాలో లాల్ బజారు అంటే అందరికీ పోలీసుల ప్రధాన కార్యాలయం గుర్తుకు వస్తుంది. ఆ దాపులనే 1809లో సేరంపూరువారు ఒక ప్రార్థనాలయం తెరిచారు. అది నేడు కేరీ బాప్టిస్టు చర్చి పేరుతో ఉంది. మొదటి ఘట్టం అక్కడే జరిగింది.

అగ్నిప్రమాదం జరిగిన మూడు నెలలకు, 1812 జూన్ 17న, అడోనిరాం జడ్సన్, ఆయన భార్య ఆన్ అనే అమెరికన్ దంపతులు కలకత్తాలో దిగారు. వారు బాప్టిస్టులు కారు. పసిబిడ్డలకు నీరు చల్లే కాంగ్రిగేషనల్ శాఖకు చెందినవారు. వారిని పంపి, వారి అన్నవస్త్రాలకు హామీ పడినది ఆ శాఖవారి మిషనరీ బోర్డు. సేరంపూరులో బాప్టిస్టులను కలుసుకోవలసి ఉంటుందని, వాదన వస్తే జవాబు చెప్పవలసి ఉంటుందని జడ్సన్ ఓడ మీదనే గ్రంథాలు తిరగవేయసాగాడు. ఇంటి యజమాని విశ్వసిస్తే అతని పిల్లలకూ నౌకర్లకూ కూడా బాప్తిస్మం ఇవ్వాలా అనే ప్రశ్న అతన్ని వేధించింది. ఎదుటివారిని ఖండించడానికి చేపట్టిన పఠనం చివరకు తననే ఓడించింది.

ఆన్ మొదట ససేమిరా అన్నది. భర్త బాప్టిస్టయినా తాను కానని తెగేసి చెప్పింది. తరువాత కలకత్తాలో తామున్న ఇంట కూర్చుని రెండు పక్షాల గ్రంథాలూ తానే చదివి, భర్త చేరిన నిర్ణయానికే చేరింది. 1812 సెప్టెంబరు 6న లాల్ బజారు ప్రార్థనాలయంలో విలియం వార్డ్ చేతుల మీదుగా ఆ దంపతులు నీట మునిగారు. నవంబరు 1న వారి సహచరుడు లూథర్ రైస్ కూడా అదే పని చేశాడు.

ఆ మునకతో వారికి నెల నెలా డబ్బు పంపే దిక్కు లేకుండా పోయింది. స్వదేశం నెలల తరబడి ప్రయాణం. వెనుక నుంచి కంపెనీ ప్రభుత్వం దేశం విడిచి పొమ్మని తరుముతున్నది. జడ్సన్ దంపతులు మారిషస్ మీదుగా, మద్రాసు మీదుగా 1813 జూలైలో రంగూను చేరారు. రైస్ అమెరికాకు తిరిగి వెళ్ళి ఊరూరా తిరిగాడు. ఎవరికి వారుగా, ఏ కేంద్రానికీ లోబడకుండా బ్రతుకుతున్న అక్కడి బాప్టిస్టు సంఘాలు 1814 మేలో ఫిలడెల్ఫియాలో సమావేశమై తొలిసారి ఒక జాతీయ సంస్థగా ఏర్పడ్డాయి. అమెరికాలో కోట్లాది సభ్యులు గల బాప్టిస్టు వ్యవస్థలు తమ వంశవృక్షం వెతుక్కొంటే, అందులో ఒక ముఖ్యమైన వేరు లాల్ బజారు నీటితొట్టిలో దొరుకుతుంది.

రెండవ ఆదాము పతనం

రెండవ ఘట్టం ఇందుకు సరిగ్గా ఎదురుదారిలో నడిచింది. 1820 ప్రాంతాల విలియం యేట్స్, విలియం ఆడం అనే ఇద్దరు బాప్టిస్టు మిషనరీలు రాజా రామమోహన రాయ్‌తో కలసి సువార్తలను బెంగాలీలోకి అనువదించడానికి పూనుకొన్నారు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ‘డియా’ అనే గ్రీకు విభక్తి ప్రత్యయం వంటి చిన్న మాట వద్ద బండి ఆగింది. సమస్తమూ వాక్యము ‘వలన’ కలిగిందా, వాక్యము ‘ద్వారా’ కలిగిందా? మొదటిదైతే క్రీస్తు స్వయంగా సృష్టికర్త. రెండవదైతే సృష్టికర్త చేతిలోని సాధనం. చర్చ ముదిరింది. యేట్స్ పనినుంచి తప్పుకొన్నాడు. రామమోహనుని క్రైస్తవుణ్ణి చేస్తాడనుకొన్న ఆడం, 1821లో త్రిత్వ సిద్ధాంతాన్ని వదలి దేవుడొక్కడే అనే యూనిటేరియన్ పక్షంలో చేరాడు. కలకత్తాలోని తెల్లవారు అతన్ని రెండవసారి పతనమైన ఆదామని ఎగతాళి చేశారు.

బాప్టిస్టుల దృష్టిలో ఇది ఘోరమైన దెబ్బ. కాని నిష్పక్షపాతంగా చూస్తే జడ్సన్ చేసిన పనినే ఆడం కూడా చేశాడు. లేఖనంలోని మాటను స్వయంగా పరిశీలించి, తన అంతరాత్మకు తోచిన నిర్ణయానికి తలవంచి, దాని కష్టనష్టాలు తానే భరించాడు. అంతరాత్మకు స్వేచ్ఛ ఇచ్చిన మతం, ఆ స్వేచ్ఛ తనకు నచ్చిన దిక్కుకే నడుస్తుందని పూచీ తీసుకోలేదు. సంప్రదాయబద్ధమైన బాప్టిస్టు శాఖలన్నిటికీ ఇది నేటికీ తీరని చిక్కే. సిద్ధాంతం బిగువుగా ఉండాలి. దాన్ని బలవంతాన రుద్దరాదు. ఈ రెండింటి నడుమ దారి ఎప్పుడూ ఇరుకే.

అనువదించాలా, ఎత్తివ్రాయాలా?

మూడవ ఘట్టంలో మన మొదటి క్రియాపదం మళ్ళీ ఎదురవుతుంది. సేరంపూరువారూ, కలకత్తాలోని వారి తోటి బాప్టిస్టులూ బెంగాలీలో ‘బాప్టిజో’కు ముంచడం అనే అర్థమిచ్చే దేశీయమైన మాట వాడారు. బైబిలు ముద్రణకు ధనసహాయం చేసే బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీలో బాప్టిస్టులే కాక, పసిబిడ్డలకు నీరు చల్లే శాఖలవారు కూడా ఉన్నారు. ఈ మాట తమ ఆచారాన్ని తప్పుపడుతున్నదని వారు అభ్యంతరం చెప్పారు. గ్రీకు మాటను అలాగే ఎత్తివ్రాయండి, డబ్బిస్తామన్నారు. 1834లో కేరీ మరణించాడు. ఆ వివాదం చావలేదు. యేట్స్, కలకత్తా బాప్టిస్టు మిషన్ ముద్రణాలయం నడిపే డబ్ల్యు. హెచ్. పియర్స్ ఇందుకు ఒప్పుకోక 1835లో అమెరికన్ బైబిల్ సొసైటీని ఆశ్రయించారు. వారూ 1836లో ఇంచుమించు అదే జవాబిచ్చారు. ఇంగ్లీషు బైబిలు పద్ధతిని అనుసరించిన అనువాదాలకే తమ ధనమన్నారు. దానితో అమెరికన్ బాప్టిస్టులు వేరుపడి తమ సొంత బైబిల్ సంఘం స్థాపించుకొన్నారు. ఇంగ్లండులోనివారు 1840లో మరొకటి స్థాపించారు.

ఇంగ్లీషు బైబిలు పద్ధతి అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. 1611 నాటి అనువాదకులకు జేమ్స్ రాజు ఆమోదించి ఇచ్చిన నియమాలలో, చర్చికి అలవాటైన పాత పదాలను మార్చరాదన్నది మూడవది. అంటే ఆ గ్రీకు మాట ఇంగ్లీషులో అనువాదం కాకుండా ఉండిపోవడం వెనుక భాషాశాస్త్రం కంటే రాజనీతి ఎక్కువ. రెండు శతాబ్దాల తరువాత ఆ రాజనీతే గంగ ఒడ్డున బెంగాలీ అనువాదకుని కలం పట్టుకొని ఆపబోయింది. రాజుకు ఆత్మలపై అధికారం లేదన్న హెల్విస్ వారసులు దాన్ని ఒప్పుకోకపోవడంలో వింత లేదు.

రంగూనులో జడ్సన్ చేసిన బర్మా అనువాదంలోనూ ముంచడమనే మాటే ఉంది. నేటికీ మయన్మారులో బాప్టిస్టులను ఆ దేశపు మాటతోనే, ‘మునక’వారన్న అర్థంలోనే వ్యవహరిస్తారు.

గుండ్లకమ్మ రేవు

కలకత్తా దారిలోనే ఈ కథ తెలుగునేలకు వచ్చింది. ఒరిస్సాలో పనిచేస్తున్న ఆమోస్ సటన్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు అమెరికా వెళ్ళి, తెలుగువారి మధ్యకు ఎవరినైనా పంపవలసిందని అక్కడివారిని కోరాడు. రైస్ శ్రమ ఫలించి ఏర్పడిన అమెరికన్ సంస్థే సామ్యూల్ డే దంపతులను పంపింది. బైబిలు వివాదం రేగిన 1836లోనే వారు కలకత్తాలో దిగి, అక్కడి నుంచి విశాఖపట్టణం చేరారు. 1840లో నెల్లూరు వారి స్థావరమైంది.

తరువాతి పాతికేళ్ళు పంట పండని పొలం. ఈ ఒక్క స్థావరాన్ని మూసివేయాలా అని అమెరికాలో పలుమార్లు తర్జనభర్జనలు జరిగాయి. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక పరిస్థితి మారింది. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వృద్ధుడు తన బంధువర్గంలో ఊరూరా ఈ మాట చేరవేశాడు. మాదిగలను చేర్చుకొంటే మేము రామని అగ్రవర్ణాలవారు క్లౌకు స్పష్టంగా చెప్పారు. క్లౌ మాదిగల పక్షాన నిలిచాడు.

1876-78 నాటి దారుణమైన క్షామంలో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారిని తిప్పిపంపాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదు. నమ్మకం లేని మునక ఉత్త స్నానమే అన్నది బాప్టిస్టుల మూలసూత్రం. కరవు సహాయం ముగిసింది, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది మునిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలబడ్డారు. క్లౌ తాను ఎవరినీ ముంచలేదు.

ఈ సంఖ్య పాశ్చాత్య దేశాలలో పాత వాదాన్ని మళ్ళీ కదిలించింది. యెరూషలేములో ఒక్క రోజున మూడు వేలమందికి బాప్తిస్మం ఇచ్చారని బైబిలు చెబుతుంది. అంతమందిని ముంచడం సాధ్యం కాదు గనుక చల్లి ఉంటారని ప్రతిపక్షుల ముఖ్యమైన వాదన. బాప్టిస్టులు ఇక ఒంగోలు లెక్క చూపసాగారు. గుండ్లకమ్మలో మునిగి లేచిన మాదిగ కూలీలు తమకు తెలియకుండానే ఒక గ్రీకు పదచర్చకు సాక్ష్యమైనారు. వారికి కావలసినది మాత్రం వేరు. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషికి, పేరు పెట్టి పిలిచి, చేయి పట్టి నీటిలోకి దింపిన రోజు అది.

మాట తప్పిన చోటు

ఇంత చెప్పిన తరువాత రెండవ వైపు దాచడం న్యాయం కాదు. మాటకు కట్టుబడడమే గొప్ప అనుకొన్నవారు మాటను వంచిన సందర్భాలూ ఉన్నాయి. బానిసలు గల యజమానిని మిషనరీగా పంపవచ్చునా అన్న ప్రశ్నపై అమెరికన్ బాప్టిస్టులు చీలిపోయి, దక్షిణాదివారు 1845లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ స్థాపించారు. ఆత్మకు స్వేచ్ఛ కోరి చెరసాలకు వెళ్ళినవారి వారసులు, బానిసల దేహాలకు స్వేచ్ఛ అక్కరలేదని అదే లేఖనం నుంచి వచనాలు ఏరారు. ఆ తప్పుకు వారు క్షమాపణ తీర్మానం చేసినది 1995లో, నూటయాభై సంవత్సరాల తరువాత. ఇరవయ్యవ శతాబ్దంలో ఉత్తరాదివారిలో ఆధునిక భావాలు పెరిగాయని అసంతృప్తి చెందిన వర్గం 1943లో ప్రత్యేక మిషన్ సంస్థనూ, 1947లో కన్సర్వేటివ్ బాప్టిస్టు అసోసియేషన్‌నూ ఏర్పరచింది. ప్రతి సంఘమూ స్వతంత్రమైన చోట చీలిక సులభం. సరిదిద్దే పెద్ద ఉండడు.

అనువాదమే వృత్తిగా గలవారికి ఈ చరిత్ర మరొక కోణంలో కనబడుతుంది. మాటను ఎత్తివ్రాస్తే తగవు కప్పబడుతుంది. భిన్నాభిప్రాయాలవారు ఒకే బల్ల మీద కూర్చోగలరు. అనువదిస్తే అర్థం వెలుగులోకి వస్తుంది. చదివినవాడు ఏదో ఒక పక్షం వహించక తప్పదు. మొదటిది సర్దుబాటు, రెండవది సాహసం. బెంగాలీ పాఠకునికి తెలియని గ్రీకు మాట ఇచ్చి అది పవిత్రమని చెప్పడం కంటే, తెలిసిన మాట ఇచ్చి నిర్ణయం అతనికే వదలడం మేలని కలకత్తా బాప్టిస్టులు భావించారు. డబ్బు పోయినా ఆ నిర్ణయం మార్చుకోలేదు. వారి సిద్ధాంతంతో ఏకీభవించనివారు కూడా పాఠకునిపై ఉంచిన ఆ నమ్మకాన్ని గౌరవించవచ్చును.

సంస్కృతంలో ‘అవగాహనము’ అనే పదానికి మొదటి అర్థం నీటిలో మునగడం. తెలుగులో మనం దాన్ని గ్రహింపు అనే అర్థంలో వాడుతున్నాము. మునగడానికి ముందు గ్రహింపు ఉండాలన్నదే నాలుగు శతాబ్దాలుగా బాప్టిస్టుల వాదం. గ్రహింపు కలిగే వయస్సు వచ్చేదాకా ఫెలిక్స్ కేరీ వేచి ఉన్నాడు. గ్రహింపు కలిగాక ఆన్ జడ్సన్ ఒక్కరోజు కూడా జీతం సంగతి ఆలోచించి ఆగలేదు. మన తెలుగు బైబిలు ‘బాప్తిస్మము’ అనే ఎరువు మాటతోనే నేటికీ సర్దుకుపోతున్నది. గుండ్లకమ్మలో దిగినవారు ఆ మాటకు అర్థం నిఘంటువులో వెతకలేదు.